ధార – ధారణ

ఉపాధ్యాయులు నలుగురు ఒకచోట కూడినప్పుడు తప్పక వినవచ్చు మాట ఒకటి ఉన్నది. “ఈ కాలపు పిల్లలకు ఏకాగ్రత లేదండీ!” అన్నదే ఆ మాట. మన తాతలనాటి పంతుళ్లును ఇదే అని ఉందురు. మన మనుమలనాటి పంతుళ్లును ఇదే అనబోదురు. నేనును చాలా ఏండ్లు ఈ మాట అంటూనే తెలుగు పాఠము చెప్పినాను. అది సగము మాత్రమే నిజమని నాకు తెలియజేసినవాడు ఒక తొమ్మిదవ తరగతి విద్యార్థి.

చేనేతవారు ఎక్కువగా గల ఒక ఊరి పాఠశాలలో అప్పుడు పనిచేయుచుంటిని. ఆ బాలుడు వెనుక బల్లమీద కూర్చుండెడివాడు. నాలుగు పాదముల పద్యము ఒకటి వారము రోజులకైనను అప్పజెప్పలేడు. గణవిభజన చేయుమన్నచో గురువేదో లఘువేదో ఎరుగక కిటికీ వంక చూచుచుండును. కోపమూ వచ్చెడిది, జాలియూ కలిగెడిది. అతని ప్రగతి పత్రముమీద ఎర్రసిరాతో “ఏకాగ్రత లేదు” అని వ్రాసి సంతకము పెట్టినాను.

ఆ ఏట సంక్రాంతి సెలవులలో పంచెల జత కొనుటకై అతని ఇంటికి వెళ్లవలసి వచ్చినది. నడవలో తండ్రియు కొడుకును ఎదురెదురుగా కూర్చుండి అచ్చు అతుకుచున్నారు. అనగా, మగ్గముమీది పాత పడుగు కొనలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా తీసి, వ్రేళ్ల నడుమ మెలిపెట్టి కలుపుట. ఒకటి కాదు, రెండు కాదు, అట్టి పోగులు వేలు. నేను వచ్చి అరుగుమీద కూర్చున్న సంగతి బాలునకు తెలియనే లేదు. తండ్రి లేచి చాప వేసి నవ్వుచు ఇట్లనెను: “ఇప్పుడు పిలిచినా పలకడండీ మాష్టారూ! పోగు తెగితే తెలుస్తుంది వాడికి, మనిషొస్తే తెలియదు.”

నేను ఇంటికి తిరిగి వచ్చు త్రోవ పొడవునను ఆ ఎర్రసిరా మాటయే నన్ను వెంటాడినది. ఏకాగ్రత లేనివాడు వేల పోగులను ఒక్కటైనను తప్పకుండ ఎట్లు కలుపును? ఏకాగ్రత అతనియందు ఉన్నది. లేనిది నా తరగతి గదిలో. ఎందుచేత?

ఒక విద్వాంసుని అన్వేషణ

ఈ ప్రశ్నకు సన్నిహితమైన ప్రశ్ననే జీవితకాలము పరిశోధించిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒకడు కలడు. ఆయన పేరు మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్. హంగేరీ దేశీయుల కుటుంబమున 1934లో ఫియూమె పట్టణమున జన్మించినాడు. అప్పుడు ఇటలీలో ఉన్న ఆ పట్టణము నేడు క్రొయేషియా దేశమున రియేకా అను పేరుతో ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధము నాటికి ఆయన చిన్నవాడు. చుట్టును భీతి ఆవరించి ఉండగా, చదరంగము ముందు కూర్చున్నప్పుడు మాత్రము ఆ భీతి తన దరికి రాకుండెనని తరువాతి కాలమున చెప్పుకొన్నాడు. అమెరికా చేరి, షికాగో విశ్వవిద్యాలయమున 1965లో డాక్టరు పట్టము పొందినాడు.

ఆయన మొదట పరిశీలించినది చిత్రకళా విద్యార్థులను. వారు చిత్రము వ్రాయునప్పుడు ఆకలిని, అలసటను మరచిపోవుదురు. కాని చిత్రము పూర్తియైన తోడనే దానిని గోడవైపు త్రిప్పిపెట్టి కొత్తది మొదలుపెట్టుదురు. ధనము కొరకే, కీర్తి కొరకే వ్రాయుచున్నచో పూర్తియైన చిత్రముమీద అంత ఉదాసీనత ఉండునా? కనుక పని చేయుటయందే వారికి ఏదో లభించుచున్నదని ఆయన ఊహించినాడు. పిమ్మట చదరంగపు ఆటగాండ్రను, కొండలెక్కువారిని, నర్తకులను, శస్త్రవైద్యులను ప్రశ్నించి చూచినాడు. వృత్తులు వేరైనను సమాధానములు ఒక్కటే. చేయుచున్న పనియు చేయువాడును వేరుగా తోచరు. తన్ను గూర్చిన చింత ఉండదు. గంటలు నిమిషములవలె గడచును. పలువురు ఆ స్థితిని నీటి ప్రవాహముతో పోల్చి, అది తమను మోసికొని పోయినట్లుండెనని చెప్పినారు. అందుచేత ఆయన దానికి ‘ఫ్లో’, అనగా ప్రవాహము, అను పేరే ఉంచినాడు. ఈ విషయమై 1975లో ఒక గ్రంథమును, 1990లో ‘ఫ్లో’ అను పేరనే సామాన్య పాఠకుల కొరకు మరియొక గ్రంథమును ప్రకటించినాడు. 2021లో ఆయన దివంగతుడైనాడు.

ఆ స్థితి కోరినంత మాత్రమున రాదు. దానికి కొన్ని ఆనుకూల్యములు ఉండవలెనని ఆయన చెప్పినాడు. అందు ముఖ్యమైనవి మూడు. మొదటిది, ఈ క్షణమున చేయవలసినది ఏదో స్పష్టముగా తెలిసి ఉండుట. రెండవది, చేసినది ఒప్పో తప్పో వెంటనే తెలియుట. మూడవది, పనియొక్క కష్టము చేయువాని శక్తికి దీటుగా ఉండుట. పని శక్తికి మించినచో భయము పుట్టును. శక్తికన్న చాల తక్కువైనచో విసుగు పుట్టును. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని త్రోవలోనే మనస్సు నిలుచును.

ఇది చదివిన పిమ్మట మగ్గము ముందరి బాలుడు నాకు అర్థమైనాడు. ఏ పోగును ఏ పోగుతో కలుపవలెనో అతనికి తెలియును. సరిగా మెలిపడినదో లేదో వ్రేలికొనయే చెప్పును. పని అతని చేతికి సరిపడినది. నా తరగతిలోనో? “పద్యము నేర్చుకొని రా” అన్న మాటలో ఎక్కడ మొదలుపెట్టవలెనో లేదు. తప్పు చేసినచో అది వారము తరువాత పరీక్షకాగితముమీద తెలియును. కష్టమా, అతనికి కొండంత.

మనకు తెలిసిన ధార

అయితే, ఈ ప్రవాహమను మాట తెలుగువారికి పరదేశపు మాట కాదు. అవధాన సభకు పోయి వచ్చినవారు “ధార బాగున్నది”, “ధార కుంటుపడినది” అని మాటలాడుకొనుట మన మెరిగినదే. ధార యనగా ప్రవాహమే కదా. ఆ మాటకు జంటగా మనవారు మరియొక మాట చేర్చినారు: ధారణ. ఈ రెండవ మాటను విడిచి మొదటి దానిని మాత్రము పట్టుకొన్నచో విషయము సగమే అర్థమగునని నా నమ్మకము.

అవధానమను పదమునకే శ్రద్ధ, ఏకాగ్రత అని అర్థము. అష్టావధానమున ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుందురు. ఒకరు సమస్య ఇత్తురు. మరొకరు పొసగని పదములు నాలుగు ఇచ్చి, వానిని పొదిగి పద్యము చెప్పుమందురు, అది దత్తపది. ఇంకొకరు వర్ణన కోరుదురు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని చెప్పబోవు అక్షరమును ముందుగనే ఊహించి, అది కూడదని అడుగడుగున అడ్డు తగులుచుండును. అప్రస్తుత ప్రసంగి పనియే ఆయన దృష్టిని చెదరగొట్టుట. ఎవరో గంట కొట్టుచుందురు. ఎన్ని మార్లు మ్రోగినదో చివరకు చెప్పవలెను. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పుచు నాలుగు ఆవృత్తులు తిరిగి, తుదకు పద్యములన్నింటిని కాగితము చూడకుండ వరుసగా అప్పజెప్పవలెను. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గార్లు ‘తిరుపతి వేంకట కవులు’ అను జంటపేరుతో ఈ విద్యను సంస్థానములలోను, పట్టణములలోను ప్రదర్శించి ఆంధ్రదేశమంతట వ్యాపింపజేసినారు.

అవధాని ఏకకాలమున ఎనిమిది పనులు చేయునని సామాన్యముగా అందురు. ఈ మాట వినియే కొందరు విద్యార్థులు పాట వినుచు, ముచ్చటలాడుచు చదువుట గొప్ప యనుకొందురు. నిదానించి చూచినచో సంగతి వేరు. దత్తపది పృచ్ఛకుని వైపు తిరిగినప్పుడు అవధాని మనస్సున దత్తపదియే ఉండును, సమస్య ఉండదు. ఒక పాదము ముగించిన తరువాతనే రెండవవానివైపు తిరుగును. గంటల లెక్క ఒక్కటి మాత్రము వెనుకగా సాగుచుండును. అచ్చటను నిలుపుకొనవలసినది ఒక్క అంకెయే. కనుక అవధానము అనేక పనులను కలగలుపు విద్య కాదు. ఒక పనిని సంపూర్ణముగా విడిచి మరొక పనిని సంపూర్ణముగా పట్టుకొను విద్య.

ఇది ఎంత కష్టమో ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. ఒక పనిని మధ్యలో వదలి వేరొక దానికి పోయినప్పుడు మనస్సులో కొంత భాగము వెనుకటి పనిదగ్గరనే చిక్కుకొని ఉండునని సోఫీ లెరోయ్ అను పరిశోధకురాలు 2009లో ప్రకటించినది. మొదటి పనికి ఒక ముగింపు కలిగినచో ఆ చిక్కు తగ్గును. అవధానికి పద్యపాదమే ఆ ముగింపు అని నాకు తోచుచున్నది. పాదము నిండినది, లెక్క తీరినది, మనస్సు కదలుటకు వీలైనది.

ధారణలోని కీలకము

ఇక ధారణ మాట. అవధానుల జ్ఞాపకశక్తి పుట్టుకతో వచ్చిన వరమని చెప్పి చేతులు జోడించుట మనకు అలవాటు. ప్రతిభ లేదని నేననను. కాని నమస్కరించి ఊరకుండుటవలన విద్యార్థికి ఒరిగినదేమి?

జార్జి మిల్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1956లో ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసినాడు. మనుష్యుడు ఒకమారు విని వెంటనే తిరిగి చెప్పగల విడి అంశములు సుమారు ఏడు మాత్రమే యని అందులోని ముఖ్యాంశము. అయితే ఆ ఏడును అక్షరములే కానక్కరలేదు. పదములు కావచ్చును, వాక్యములు కావచ్చును. చిన్న వానిని పెద్ద కట్టలుగా కట్టుకొన్న కొలది మనస్సు ఎక్కువ మోయగలదు.

1973లో ఛేజ్, సైమన్ అను పండితులు చదరంగమును పరీక్షించినారు. నిజమైన ఆటనుండి తీసిన బలగపు అమరికను అయిదు సెకండ్లు చూపినచో, మేటి ఆటగాడు పెక్కు పావులను సరిగా తిరిగి పేర్చగలిగినాడు. కొత్తవాడు కొన్ని పావులు మాత్రమే పేర్చగలిగినాడు. కాని పావులను అర్థములేకుండ చెదరగా పెట్టి చూపినప్పుడు మేటివాని ఆధిక్యము దాదాపు మాయమైనది. అనగా అతని గొప్పతనము జ్ఞాపకశక్తిలో లేదు. ఆట నెరుగుటలో ఉన్నది.

ఇంతకన్న విచిత్రమైన ప్రయోగము 1980లో వెలువడినది. ఎరిక్సన్, ఛేజ్ మొదలగువారు ఒక సాధారణ కళాశాల విద్యార్థిచేత అంకెలు విని తిరిగి చెప్పు అభ్యాసము చేయించినారు. మొదట అతడు అందరివలె ఏడు అంకెలే చెప్పగలిగినాడు. సుమారు 20 నెలలలో, దాదాపు 230 గంటల అభ్యాసము జరిగిన పిమ్మట 79 అంకెలు చెప్పినాడు. అతడు పరుగుపందెములవాడు, అంకెలను పందెపు కాలములుగా మార్చుకొని కట్టలు కట్టుకొన్నాడు. అయితే అంకెలకు బదులు అక్షరములు ఇచ్చినప్పుడు మరల ఆరింటివద్దనే ఆగిపోయినాడు! అతని జ్ఞాపకశక్తి పెరుగలేదు. ఒక్క విషయమునందు అతడు కట్టుకొన్న కట్టడము పెరిగినది.

దీనిని మన పద్యమునకు అన్వయించి చూడుడు. ఉత్పలమాలలో పాదమునకు 20 అక్షరములు. నాలుగు పాదములకు 80. విడి అక్షరములుగా ఎవరును మోయలేరు. కాని భ-ర-న-భ-భ-ర-వ అను గణముల నడక ముందుగనే తెలిసి ఉన్నది. పదవ అక్షరము యతిస్థానమని తెలిసి ఉన్నది. ప్రతి పాదమున రెండవ అక్షరము ప్రాస యని తెలిసి ఉన్నది. ఇక అన్వయము ఒక త్రాడువలె పదములను గ్రుచ్చుచున్నది. బయటివారికి ఛందస్సు సంకెలగా కనబడును. అవధానికి అది పట్టుకొని ఎక్కు మోకు. పడుగు పోగులు వరుసలో నిలిచి ఉండుటచేతనే గదా ఆ బాలుడు వానిని కలుపగలిగినాడు!

కష్టము విడిచిన సుఖము లేదు

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. “చదువు ఆనందముగా సాగవలెను, తన్మయత్వము కలుగవలెను” అని ఈ మధ్య తరచుగా వినుచున్నాము. మంచిమాటయే. కాని తన్మయత్వము మొదటి మెట్టు కాదు. బెర్లిన్ నగరపు వయొలిన్ విద్యార్థులను పరిశీలించి ఎరిక్సన్ ప్రభృతులు 1993లో ప్రకటించిన వ్యాసములో, నైపుణ్యమును పెంచు అభ్యాసము స్వతహాగా సుఖమైనది కాదని స్పష్టముగా ఉన్నది. తన లోపమును వెదకి, అదే చోట మరల మరల చేయి పెట్టుట ఎవరికి సుఖము? తిరుపతి వేంకట కవులు సభలో ఆశుధార కురియుటకు ముందు చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారివద్ద వ్యాకరణము చదివినవారు. సూత్రములు వల్లించు ప్రతి దినమును ధారగా సాగి ఉండదు.

మరియొక హెచ్చరిక. తన్మయత్వము దానంతట అది సద్గుణము కాదు. ఈ మాట చిక్సెంట్‌మిహాయ్ కూడ అంగీకరించినదే. జూదరియు తన్మయుడే. నేటి చేతిఫోనులోని ఆటలను చూడుడు. చేయవలసినది స్పష్టము, ఫలితము తక్షణము, కష్టము మెట్టుమెట్టుగా పెరుగును. మనము తరగతిలో అమర్చలేకపోయిన మూడు ఆనుకూల్యములను ఆట తయారుచేసినవారు చక్కగా అమర్చినారు! బాలుడు గంటలకొలది లేవడు. ధార ఉన్నది, లేచిన పిమ్మట చేతిలో మిగిలినదేమి? ధారణ లేదు. చదువునకును ఆటకును గల భేదము ఇదియే. పిల్లవానికి ఏకాగ్రత ఉన్నదా యని కాదు, ఆ ఏకాగ్రత అతనియందు ఏమి నిలిపి పోవుచున్నది అని మనము అడుగవలెను.

తరగతి గదిలో

ఉపాధ్యాయ మిత్రులకు నేను అనుభవమున తెలిసికొన్న రెండు మూడు సంగతులు విన్నవింతును. “శ్రద్ధగా ఉండు” అని గద్దించుటవలన శ్రద్ధ రాదు. పనిని ముక్కలు చేసి, ఇప్పటి ముక్క ఇది యని చూపవలెను. పద్యము మొత్తముగా కాదు, ఒక్క పాదము. అది ఒప్పో తప్పో అక్కడికక్కడ తెలియవలెను. అందరి పుస్తకములు మనమే దిద్దనక్కరలేదు. ప్రక్కవాడు దిద్దవచ్చును, గణముల పట్టిక చూచి తానే దిద్దుకొనవచ్చును. ఒకే తరగతిలో కొందరికి భయము, కొందరికి విసుగు కలుగుచుండును గనుక ఒకే అభ్యాసమును మూడు అంతరములలో సిద్ధపరచుకొనవలెను. ఇది శ్రమయే. ఏబదిమంది పిల్లలున్న గదిలో మరింత శ్రమ. కాని గద్దించుటయు శ్రమయే గదా, ఫలితము లేని శ్రమ.

విద్యార్థులకు ఒక మాట. చదివినదే మరల చదువుట సుఖముగా ఉండును, వచ్చినట్లే తోచును. అది భ్రమ. రోడిగర్, కార్పికీ అను శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన ప్రయోగము చూడుడు. ఒక భాగమును నాలుగుమార్లు చదివినవారును, ఒకమారు చదివి మూడుమార్లు చూడకుండ జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసినవారును ఉన్నారు. అయిదు నిమిషముల తరువాత పరీక్షించినచో చదివినవారే మేలు. వారము తరువాత పరీక్షించినచో చదివినవారికి నూటికి 40 పాళ్లు, జ్ఞప్తికి తెచ్చుకొన్నవారికి 61 పాళ్లు నిలిచినది. మన పెద్దల ‘అప్పజెప్పుట’లో బలము ఇక్కడ ఉన్నది. పుస్తకము మూయుడు, వచ్చినంత చెప్పుడు, రానిచోట మాత్రము తెరచి చూడుడు. ఒక పాఠము మధ్యలో లేవవలసి వచ్చినచో ఒక పేరా ముగించి లేవుడు. ఫోనును వేరే గదిలో ఉంచుడు. అప్రస్తుత ప్రసంగిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని నెగ్గుటకు మనము అవధానులము కాము.

సెలవుల తరువాత పాఠశాల తెరచినారు. ఆ బాలునకు నేను పద్యము కంఠస్థము చేయుమని చెప్పలేదు. ఒక్క పాదము వ్రాసి ఇచ్చి, “ఇది పడుగు అనుకో. గురువు ఒక రంగు పోగు, లఘువు ఒక రంగు పోగు. మూడేసి చొప్పున విడదీసి చూపరా” అన్నాను. మొదటి దినము రెండు పాదములు చేసినాడు; అందు తప్పులు నాలుగు. గణముల పట్టిక ప్రక్కన పెట్టి తానే దిద్దుకొన్నాడు. వారము గడచుసరికి పాదములు ఇమ్మని అతడే అడిగినాడు. గణములు విడదీయగా విడదీయగా పద్యములు నోటికి పట్టుబడినవి.

గొప్ప అద్భుతమేమియు జరుగలేదు. అతడు తరగతిలో మొదటివాడు కాలేదు, కవియు కాలేదు. కాని ఫిబ్రవరి నెలలో ఒకనాడు సాయంకాలపు గంట మ్రోగినది. పిల్లలందరును సంచులు తగిలించుకొని పరుగెత్తినారు. వెనుక బల్లమీద అతడొక్కడు తల వంచుకొని పెన్సిలుతో గీతలు గీయుచునే ఉన్నాడు. నేను పిలువలేదు. బల్లమీద కూర్చుండి, ప్రగతి పత్రముల కట్ట విప్పి, అతనిది తీసి, ఆ ఎర్రసిరా మాటను కొట్టివేసినాను.